బాయిలర్ గది దుమ్ము: 1971 యుద్ధకాలపు ఒక నౌకా మరమ్మతు కళాసీ కేసు

ఒడిశాలోని గంజాం జిల్లా తీరగ్రామానికి చెందిన 73 ఏళ్ల తెలుగు మత్స్యకారుడు 2023లో బరంపురంలోని నా క్లినిక్‌కు వచ్చేనాటికే రెండు విడతలు క్షయ చికిత్స పూర్తి చేసుకుని ఉన్నారు. ఆ రెండు విడతల్లోనూ కఫంలో క్షయ క్రిమి కనబడలేదు, మందుల వల్ల ఆయాసమూ తగ్గలేదు. ఆయనకున్నది క్షయ కాదు, ఆస్బెస్టోసిస్ అని పరీక్షల్లో తేలింది. ఆస్బెస్టాస్ పోగులు ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి, వాటిని మచ్చకట్టించి, గట్టిపరచే జబ్బు ఇది. ఆ పోగులు ఆయన ఒంట్లోకి చేరింది ఇరవయ్యేళ్ల ప్రాయంలో, 1971 యుద్ధానికి ముందూ ఆ సమయంలోనూ, ఆవిరితో నడిచే యుద్ధనౌకల బాయిలర్ గదుల్లో. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం వ్యాధి అరుదైనది కావడం కాదు. యుద్ధంలో నౌకలను నడిపించిన సహాయక శ్రామికుల పని ఎక్కడా నమోదు కాకపోవడమే, యాభై ఏళ్ల తరువాత వైద్యుడి కంటికి ఈ వ్యాధి ఆనకుండా చేసిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. రోగి, ఆయన కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించాను.

వచ్చినప్పటి పరిస్థితి

నాలుగేళ్లుగా క్రమంగా పెరుగుతున్న ఆయాసం, పొడిదగ్గు ఆయన ప్రధాన బాధలు. మొదట్లో ఇసుకలో వల లాగేటప్పుడు మాత్రమే వచ్చిన ఆయాసం, మా దగ్గరకు వచ్చేసరికి ఇంటి నుంచి రామమందిరం దాకా నడవలేని స్థితికి చేరింది. జ్వరం లేదు, కఫంలో రక్తం పడలేదు, రాత్రి చెమటలు లేవు. బరువు కొద్దిగా తగ్గారు. చిన్నప్పటి నుంచి చుట్ట తాగే అలవాటు ఉంది.

పరీక్షలో వేళ్ల చివరలు ఉబ్బి, గోళ్లు వంపు తిరిగి ఉన్నాయి. వీపు వైపు, రెండు ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో, ఊపిరి పీల్చుకోవడం ముగిసే ఘడియలో సన్నని చిటపట శబ్దం స్పష్టంగా వినిపించింది. దగ్గిన తరువాత కూడా అది పోలేదు. కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 92 శాతం ఉండగా, ఆరు నిమిషాల నడక పరీక్షలో 84 శాతానికి పడిపోయింది. ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలో (స్పైరోమెట్రీ) ఎఫ్.వి.సి., అంటే నిండా పీల్చి బలంగా ఊదగలిగే మొత్తం గాలి, ఉండవలసిన దానిలో 56 శాతం, వాయు మార్పిడి సామర్థ్యం 41 శాతం మాత్రమే ఉన్నాయి. మొదటి సెకనులో ఊదిన గాలికి (ఎఫ్.ఇ.వి.1), ఎఫ్.వి.సి.కి ఉన్న నిష్పత్తి 0.83. అంటే శ్వాసగొట్టాలు మూసుకుపోయే జబ్బు కాదు, ఊపిరితిత్తులే కుంచించుకుపోయే జబ్బు. చుట్ట తాగేవారి ఆయాసమంతా ఒకే రకమైనదని అనుకుని స్పైరోమెట్రీ చేయించకుండా ఇన్‌హేలరు రాసి పంపే అలవాటు మన ప్రాంతంలో ఉంది కనుక ఈ అంకెలను ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన వెంట తెచ్చిన పాత కాగితాలన్నింటిలోనూ వృత్తి అన్న చోట మత్స్యకారుడు అనే రాసి ఉంది. అది అబద్ధం కాదు. కానీ అది గత ముప్ఫై ఏళ్లకు పైబడిన వృత్తి, అంతకు ముందరి పదహారేళ్ల సంగతి ఏ కాగితంలోనూ లేదు.

వృత్తి చరిత్ర

ఎక్స్‌రేలో రెండు వైపులా ఉదర వితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) మీద, గుమ్మటం ఆకారంలో, సున్నం చేరిన తెల్లని గీతలు కనిపించాయి. అంతకుముందు ఆ ఫిల్మును చూసినవారు వాటిని పాత క్షయ గుర్తులుగా రాశారు. క్షయ వల్ల ఊపిరితిత్తులను కప్పి ఉండే పొరలో సున్నం చేరితే అది సాధారణంగా ఒక వైపునే, మందంగా, పక్క మూలను కప్పేస్తూ ఉంటుంది. రెండు వైపులా, వితానం పైభాగంలో, మూలలను వదిలి ఉన్న గీతలు చూసినప్పుడు వైద్యుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఆస్బెస్టాస్ గురించే. కానీ మందస, ఇచ్ఛాపురం, చికిటి, రంగైలుండ వైపుల నుంచి వచ్చే మనిషిని ఆస్బెస్టాస్‌తో పనిచేశారా అని అడిగితే, ఇంటిమీద రేకులున్నాయి బాబూ అని మాత్రమే జవాబు వస్తుంది. అందుకని ఆయనను పదిహేనేళ్ల వయసు నుంచి వరుసగా, ఏ ఊళ్లో, ఎవరి కింద, ఏ వస్తువును చేత్తో పట్టుకుని పనిచేశారో చెప్పమన్నాను. పక్కన ఆయన కొడుకు, సూరత్ మరమగ్గాల నుంచి తండ్రి కోసం సెలవు మీద వచ్చినవాడు, కూర్చుని తానూ మొదటిసారిగా విన్నాడు.

ఆయన 1970లో మేనమామ వెంట తూర్పు తీరంలోని ఒక రేవు పట్నానికి వెళ్లారు. గంజాం తీరపు తెలుగు పల్లెలవాళ్లు పనికోసం రేవులకు వెళ్లడం కొత్త కాదు. గోపాలపురం నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన కాలం నుంచీ అది ఉన్నదే. అక్కడ ఒక కాంట్రాక్టరు కింద, నౌకల మరమ్మతు జరిగే చోట కళాసీగా చేరారు. ఆయనకు అప్పగించిన పని బాయిలర్లకూ ఆవిరి పైపులకూ వేడి బయటికి పోకుండా వేసే కట్టుకు సంబంధించినది.

ఆయన మాటల్లోనే: “ఓడ లోపలికి దిగీసి, పాత కట్టు గొలుసుల్తోటీ ఉలుల్తోటీ పీకీసేవోల్లం బాబూ. పీకినప్పుడు ఎదురుగున్న మనిసి కనిపించీవోడు కాడు, అంత దుమ్ము. మల్లీ తెల్ల పిండి డ్రమ్ములో నీల్లతోటి కలిపి, చేతుల్తోటే పైపుకి పూసి, పైన గుడ్డ సుట్టి కుట్టీవోల్లం.”

ముక్కుకు ఏం కట్టుకునేవారని అడిగితే, తలగుడ్డ అన్నారు. రాత్రి ఎక్కడ పడుకునేవారని అడిగితే, పని తొందరగా ఉన్న రోజుల్లో రేవులోనే, ఆ బస్తాల మీదనే పడుకున్నామన్నారు. 1971 వానాకాలం నుంచి ఆ తొందర ఎక్కువైందనీ, పగలూ రాత్రీ పని నడిచిందనీ, దీపాలు బయటికి కనిపించకుండా కప్పుకుని పని చేశారనీ చెప్పారు. యుద్ధంలో మీరు కూడా పనిచేసినట్టే కదా అని కొడుకు అన్నప్పుడు ఆయన ఒప్పుకోలేదు. “యుద్ధం సేసినోల్లు వేరురా. మేం కూలోల్లం” అన్నారు.

1986లో కాంట్రాక్టు పోయాక ఊరికి వచ్చి, తిరిగి వేటకు వెళ్లారు. ఆ పదహారేళ్లకు సంబంధించి ఆయన దగ్గర మిగిలినవి ఒక పాత గేటు పాసు, ఒక గ్రూపు ఫొటో.

ఆ పని యుద్ధానికి ఎందుకు అవసరమైంది

ఈ భాగాన్ని వైద్య వ్యాసంలో కొందరు అనవసరమని అనుకోవచ్చు. వ్యాధికి మూలమైన పనిని అర్థం చేసుకోనిదే మోతాదును అర్థం చేసుకోలేము కనుక నేను దీన్ని కేసులో భాగంగానే చూస్తున్నాను.

ఆవిరి యుద్ధనౌకలో బాయిలరు చల్లబడితే చలనమొక్కటే ఆగదు. బాయిలరులో నూనె మండి, అధిక పీడనంలో తయారైన ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది. అదే ఆవిరి విద్యుత్తును పుట్టిస్తుంది, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాలను నడుపుతుంది. విమాన వాహక నౌక విక్రాంత్‌లో విమానాన్ని డెక్కు మీద నుంచి గాలిలోకి విసిరే కాటపల్ట్ కూడా ఆవిరితో పనిచేసేదే. కట్టు సరిగా లేని ఆవిరి పైపు దారిలోనే వేడిని పోగొట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ గదిలో మనుషులు నిలబడలేరు. ఆ కాలపు బ్రిటిష్ యార్డుల్లో తయారైన నౌకల్లో ఈ కట్టుకు ఆస్బెస్టాస్ వాడటం సర్వసాధారణం. 1971 నాటి మన ఆవిరి నౌకల్లో చాలా వాటి పుట్టుక బ్రిటన్‌లోనే. మైసూర్ ఒకప్పటి నైజీరియా, రాజ్‌పుత్ ఒకప్పటి రోథర్‌హామ్, 1943లో నిర్మాణం మొదలైన హెర్క్యులిస్ 1961లో విక్రాంత్‌గా మన నౌకాదళంలో చేరింది. అన్ని నౌకలూ ఆవిరివి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. విక్రాంత్ వెంట తూర్పు సముద్రంలో తిరిగిన బ్రహ్మపుత్ర, బియాస్ డీజిల్ ఇంజన్లతో నడిచినవి. కాబట్టి నౌకాదళంలో ఉన్నారన్న ఒక్క మాట వైద్యుడికి చాలదు.

విక్రాంత్ సంగతే తీసుకుంటే, 1970 మధ్యలో దాని బాయిలర్ల నీటి డ్రములలో పగుళ్లు బయటపడ్డాయి. వెల్డింగుతో వాటిని బాగుచేసే వీలు లేకపోయింది. మార్పిడికి కావలసిన డ్రములు దేశంలో దొరకక బ్రిటన్‌కు ఆర్డరు పెట్టవలసి వచ్చింది. అవి రాకముందే, 1971 మార్చిలో, తగ్గించిన పీడనంతో బాయిలర్లను మళ్లీ వెలిగించి నౌకను సముద్ర పరీక్షలకు తీసుకువెళ్లారు. డిసెంబరు 4న అదే నౌక నుంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్‌బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. విమానాన్ని నడిపిన అధికారి పేరు మనకు దొరుకుతుంది. ఆ విమానం లేవడానికి చాలినంత ఆవిరిని పగిలిన డ్రములతోనే నిలబెట్టిన ఇంజన్ గది సిబ్బంది, రేవులో ఆ నౌకలను సిద్ధం చేసిన ఫిట్టర్లు, వెల్డర్లు, కట్టు వేసినవారు ఎవరన్నది నౌకాదళం బయట ఎవరికీ పట్టలేదు. ఈ రోగి పనిచేసింది విక్రాంత్ మీద కాదు, కానీ పని ఇదే తరహాది.

పశ్చిమాన కరాచీ మీద దాడి కూడా ఇటువంటిదే. డిసెంబరు 4 రాత్రి నిపత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు చేసిన దాడిని తలచుకుంటూ ఆ తేదీని నౌకాదళ దినోత్సవంగా జరుపుకుంటాము. తీర రక్షణ కోసం తయారైన ఆ చిన్న పడవలకు అంత దూరం పోయి రావడానికి సొంత ఇంధనం చాలేది కాదు. ఆ దళంతో పాటు కిల్తాన్, కచ్చల్ అనే రక్షణ నౌకలే కాక, పోషక్ అనే ఇంధన నౌక కూడా బయలుదేరింది. పోషక్ పేరు చెప్పమంటే చెప్పగలిగినవారు, చరిత్ర చదివినవారిలో కూడా, చాలా తక్కువ. సహాయక సిబ్బంది ఇలా మరుగున పడటం రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ఆనాడు చనిపోయి, సముద్రం తప్ప సమాధి లేని భారతీయ నావికుల కోసం చిట్టగాంగ్‌లోనూ ముంబైలోనూ ఒకే రకమైన రెండు స్మారక పుస్తకాలు ఉన్నాయి. వాటిలో నౌకాదళానికి చెందినవారు 400 మంది, వాణిజ్య నౌకలకు చెందినవారు దాదాపు 6,000 మంది. సరకు మోసిన ఆ నౌకల్లో బొగ్గు వేసినవారూ, వంట చేసినవారూ, నూనె పోసినవారూ ఆ 6,000లో ఉన్నారు. ఆ పుస్తకాలలో కనీసం పేర్లు ఉన్నాయి. 1971లో కాంట్రాక్టరు మస్టరు రోలులో వేలిముద్ర వేసిన కళాసీకి ఆ మాత్రమూ మిగల్లేదు.

మోతాదు సంగతి

ఆస్బెస్టోసిస్ రావాలంటే తక్కువ మోతాదు చాలదు. అందుకే రేకుల ఇంట్లో కాపురం వల్ల ఈ స్థాయి వ్యాధి రాదని కుటుంబానికి మొదట చెప్పవలసి వచ్చింది. సిమెంటులో బిగిసి ఉన్న పోగులు రేకును కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు తప్ప పెద్దగా గాలిలోకి రావు. బాయిలర్ గదిలో అందుకు విరుద్ధంగా జరుగుతుంది. అక్కడ కట్టు పొడిగా, ఎండిపోయి ఉంటుంది, గది చిన్నది, గాలి బయటికి పోయే దారి తక్కువ. బాయిలరును ఒకసారి బాగుచేయాలంటే ముందు కట్టు పీకాలి, తరువాత కొత్తది వేయాలి. కాబట్టి ప్రతి మరమ్మతుకూ దుమ్ము రెండుసార్లు లేస్తుంది. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు కట్టును తడిపి పీకే ఓపిక, ఒకరి పని అయ్యాక మరొకరు దిగే వీలు ఉండవు. పీకేవాడు పీకుతుండగానే వెల్డరు, ఎలక్ట్రీషియను, నౌక సొంత ఇంజన్ సిబ్బంది పక్కనే పనిచేస్తారు.

బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు పి.జి. హారీస్ డెవన్‌పోర్టు డాక్‌యార్డులో చేసిన పరిశీలనను 1968లో ప్రచురించాడు. పాత కట్టు పీకేటప్పుడే గాలిలో పోగులు అత్యధికంగా ఉంటాయనీ, కట్టు పని చేసేవారికే కాక చుట్టుపక్కల పనిచేసేవారికీ ప్రమాదముందనీ ఆయన చూపించాడు. అంతకు ముందు 1964లో న్యూయార్కులో ఇర్వింగ్ సెలికాఫ్ ఇదే వృత్తిలోని కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సరు, మెసోథీలియోమా (ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సరు) ఎంత ఎక్కువగా ఉన్నాయో బయటపెట్టాడు. అంటే మా రోగి తలగుడ్డ కట్టుకుని ఓడలోకి దిగేనాటికే ఈ విషయం వైద్య పత్రికల్లో ఉంది. ఈ సంగతి రాసేటప్పుడు నాకు కోపం వస్తుంది, దాన్ని దాచుకోవలసిన అవసరం కనిపించదు.

నిర్ధారణ

ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపించే సి.టి. స్కాన్ (హెచ్.ఆర్.సి.టి.)లో రెండు ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో, పొర కిందుగా, వల అల్లికలాంటి మచ్చ, కొన్నిచోట్ల తేనెపట్టు గదుల మాదిరి రంధ్రాలు కనిపించాయి. రెండు వైపులా పొరమీద సున్నం చేరిన పలకలు ఉన్నాయి. కేవలం ఊపిరితిత్తి లోపలి మచ్చను మాత్రమే చూస్తే కారణం తెలియని ఫైబ్రోసిస్ అని కూడా రాయవచ్చు. రెండింటి చిత్రం అంతగా కలుస్తుంది. పొరమీది పలకలు, భారీగా తగిలిన ఆస్బెస్టాస్ చరిత్ర, యాభై ఏళ్ల వ్యవధి కలిసి ఇక్కడ తేడా చూపించాయి. కీళ్లవాత పరీక్ష, ఏ.ఎన్.ఏ., హెచ్.ఐ.వి. పరీక్షలు నెగెటివ్. కఫంలో క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష మళ్లీ చేస్తే క్షయ లేదు. ఎకోలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం కొద్దిగా పెరిగి ఉంది. బయాప్సీ అవసరం లేదని నిర్ణయించాను. ఇంత స్పష్టమైన చిత్రం, ఇంత స్పష్టమైన వృత్తి చరిత్ర ఉన్నప్పుడు ఈ వయసులో ఊపిరితిత్తిని కోయడం వల్ల తెలిసే కొత్త సంగతి ఏమీ ఉండదు.

క్షయ మందులు రెండుసార్లు వాడిన వల్ల ఆయనకు నష్టం ఏమిటని కొడుకు అడిగాడు. కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. పోయిన కాలమే నష్టం. అంతకాలం చుట్ట మానమని గట్టిగా చెప్పినవారు లేరు. ఆస్బెస్టాస్, పొగ రెండూ కలిసినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు విడివిడిగా ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చికిత్స

ఈ మచ్చను కరిగించే మందు లేదు. స్టీరాయిడ్ల వల్ల ప్రయోజనం లేదు కాబట్టి ఇవ్వలేదు. అంతకుముందు ఎవరో మొదలుపెట్టిన ప్రెడ్నిసోలోన్‌ను క్రమంగా తగ్గించి ఆపాము. చుట్ట మాన్పించడం మొదటి పని. అది మూడో నెలకు సాధ్యమైంది, ఆయన భార్య పట్టుదల వల్ల. ఫ్లూ, న్యుమోకాకస్ టీకాలు వేశాము. శ్వాస వ్యాయామాలు నేర్పాము. ఏడాదిలో ఎఫ్.వి.సి. మరింత తగ్గడం వల్ల మచ్చను నెమ్మదింపజేసే నింటెడానిబ్‌ను 150 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లుగా మొదలుపెట్టాము. విరేచనాలు ఎక్కువై 100కు తగ్గించాక తట్టుకోగలిగారు. మందు గట్టిపడటాన్ని ఆపదు, వేగాన్ని తగ్గిస్తుంది అని మొదటే స్పష్టంగా చెప్పాము.

నడిచేటప్పుడూ నిద్రలోనూ ఆక్సిజన్ పడిపోతున్నందువల్ల ఇంట్లో గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సెంట్రేటరు పెట్టించాము. ఇక్కడ మన తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటినప్పుడు, ఈ పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే కాన్సెంట్రేటరు పనిచేయదు. అందువల్ల అక్టోబరు, నవంబరు నెలలు రాకముందే నిండిన సిలిండరు ఒకటి ఇంట్లో ఉంచాలనీ, తుఫాను హెచ్చరిక రాగానే ఆయనను బరంపురంలోని బంధువుల ఇంటికి తరలించాలనీ రాతపూర్వకంగా ఇచ్చాము. తీరప్రాంతంలో ఇంటి ఆక్సిజన్ రాసే ప్రతి వైద్యుడూ ఈ రెండు వాక్యాలు రాయడం మంచిది.

భార్య

కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచిన భాగం ఇది. ఆయన భార్యకు 68 ఏళ్లు. పెళ్లయిన తరువాత ఎనిమిదేళ్లు ఆమె కూడా ఆ రేవు పట్నంలోనే కాపురం చేశారు. సాయంత్రం భర్త వేసుకొచ్చిన తెల్లబడిన బట్టలను గుమ్మం ముందు దులిపి, బావి దగ్గర బండమీద ఉతికేవారు. ఆమెకు ఆయాసం లేదు, ఎన్నడూ ఏ ఓడా ఎక్కలేదు. పని బట్టలు ఎవరు ఉతికేవారని అడిగి, జవాబు విన్నాక, ఆమెకు కూడా ఎక్స్‌రే, తరువాత సి.టి. తీయించాము. ఆమె పొరమీద కూడా రెండు వైపులా చిన్న పలకలు ఉన్నాయి, ఊపిరితిత్తులు బాగున్నాయి.

పలకలు తమంతట తాము జబ్బు కాదు, వాటికి చికిత్స అక్కర్లేదు. అయితే అవి ఆ ఇంట్లోకి పోగులు వచ్చాయనడానికి గుర్తు. బట్టలు ఉతికిన భార్యల్లో దశాబ్దాల తరువాత మెసోథీలియోమా వచ్చిన కేసులు బ్రిటన్, అమెరికా నౌకా పట్టణాల నుంచి ఎన్నో నమోదయ్యాయి. ఆమెను భయపెట్టకుండా, ఛాతీలో ఒకవైపు నొప్పి గానీ ఊపిరితిత్తి చుట్టూ నీరు గానీ వస్తే ఆలస్యం చేయకుండా రావాలనీ, అప్పుడు చూసే వైద్యుడికి ఈ చరిత్ర తప్పక చెప్పాలనీ ఒక కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఇచ్చాము. యుద్ధ నౌకల సహాయక సిబ్బంది లెక్కలోకి కళాసీనే తీసుకోని చోట, కళాసీ బట్టలు ఉతికిన మనిషి వైద్య చరిత్రలోకి రావడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

పరిహారం, రికార్డులు

మాజీ సైనికుడైతే సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది, పింఛను ఉంటే ఇ.సి.హెచ్.ఎస్. వైద్య సౌకర్యం ఉంటుంది. సేవలో చేరేనాడు నమోదు కాని వైకల్యంతో సైనికుణ్ణి సేవ నుంచి పంపివేస్తే, వేరే రుజువు లేనంతవరకు అది సేవ వల్ల వచ్చినదనే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజన్ గదిలో పనిచేసిన మాజీ నావికుడికి ఇదే వ్యాధి వస్తే అడగడానికి ఒక దారి ఉంది. కాంట్రాక్టరు కింది కళాసీకి ఆ తలుపులేవీ తెరుచుకోవు.

ఆయనకు మిగిలిన దారి శ్రామికుల పరిహార చట్టం. దరఖాస్తు పెట్టిన 2024 నాటికి అమలులో ఉన్న 1923 చట్టం మూడో షెడ్యూలులో ఆస్బెస్టోసిస్ వృత్తి వ్యాధిగా ఉంది. కాంట్రాక్టరు మనుషుల విషయంలో అసలు యజమానిని బాధ్యుణ్ణి చేసే నిబంధన కూడా అందులో ఉంది. ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించే అధికారం కమిషనరుకు ఉంది. పని జరిగిన చోటనే కాక, శ్రామికుడు నివసించే చోట కూడా దరఖాస్తు పెట్టవచ్చు కాబట్టి, ఆయాసంతో ఉన్న మనిషి మరో రాష్ట్రానికి తిరగనక్కరలేకుండా గంజాం జిల్లాలోనే దాఖలు చేయించాము. వైద్యుడిగా నా వంతు పని, అప్పట్లో అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రకటించవలసిన వ్యాధుల్లో ఇది ఉండేది కనుక, ఆ రేవు ఉన్న రాష్ట్రపు ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయడం. అది చేశాను.

అసలు కష్టం రుజువు దగ్గర వచ్చింది. ఆస్బెస్టాస్‌తో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. ఆయన పని మానింది అంతకు తొమ్మిదేళ్ల ముందు. ఆయనకు ఏనాడూ ఆరోగ్య పరీక్షే జరగలేదు కనుక భద్రపరచడానికి రికార్డే పుట్టలేదు. గేటు పాసులో పేరు, కాంట్రాక్టరు ముద్ర చదవడానికి వీలుగా ఉన్నాయి. గ్రూపు ఫొటోలో వెనుక నౌక పైభాగం కనిపిస్తుంది. దానిలో ఉన్నవారిలో ఇద్దరు ఇంకా బతికి ఉన్నారనీ, ఒకరు ఇచ్ఛాపురం దగ్గరి ఊళ్లో ఉన్నారనీ ఆయన భార్య ద్వారా తెలిసింది. వారిద్దరి అఫిడవిట్లు, సి.టి. ఫిల్ములో కనిపించిన పలకలు ఒకదానినొకటి బలపరుస్తాయి. అటువంటి పలకలకు ఆస్బెస్టాస్ తప్ప వేరే కారణం చూపడం అవతలి పక్షానికి చాలా కష్టం. నా అభిప్రాయ పత్రంలో ఈ విషయాన్నే ప్రధానంగా రాశాను.

ఈ ప్రాంతపు వైద్యులకు

ఒడిశా సరిహద్దు జిల్లాల తీరపు పల్లెల నుంచీ, పర్లాకిమిడి వైపు ఊళ్ల నుంచీ రేవులకు పనికి వెళ్లి తిరిగివచ్చినవారు ఇప్పుడు డెబ్భై దాటిన వయసులో ఉన్నారు. వీరు మన దగ్గరకు రైతులుగా, వేటగాళ్లుగా, టీ కొట్టు నడిపేవారుగా వస్తారు. కఫంలో క్రిమి లేకుండా ఆయాసం, అడుగు భాగాల్లో చిటపట శబ్దం ఉన్న ప్రతి వృద్ధుణ్ణీ ఓడల్లో గానీ ఓడల మరమ్మతులో గానీ ఎప్పుడైనా పనిచేశారా, అందులో ఏ గదిలో, ఏ వస్తువుతో అని అడగండి. ఓడ ఆవిరిదా డీజిలుదా అన్నది వారికి బాగా గుర్తుంటుంది, వైద్యుడికి గుర్తుకు రాకపోయినా. యుద్ధ సమయంలో ఆ పనిలో ఉన్నారా అన్నది వేరుగా అడగండి. తొందర పనిలో దుమ్ము ఎక్కువ, జాగ్రత్త తక్కువ. ఆ తరువాత ఇంట్లో పని బట్టలు ఎవరు ఉతికేవారో అడిగి, ఆ పేరునూ కేస్ షీటులో రాయండి.

ఫొటోలోని ఇద్దరిలో ఇచ్ఛాపురం వైపు వ్యక్తిని పరీక్షకు పిలిపించాము. ఆయనకూ పొరమీద పలకలు ఉన్నాయి, లోపలి మచ్చ తొలి దశలో ఉంది, చుట్ట అలవాటు లేదు. రెండో వ్యక్తి పరీక్షకు రావడానికి ఇంకా ఒప్పుకోలేదు. పరిహారం దరఖాస్తు మీద విచారణ సాగుతోంది. మొదటి రోగి ఎఫ్.వి.సి. గత ఆరు నెలల్లో దాదాపు నిలకడగా ఉంది.